ఏబీఎస్‌ను ఆపివేయవచ్చునా? వేగచోదనలో యాంటీ-లాక్ బ్రేకుల చరిత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

నైపుణ్యంతో, వేగంగా వాహనం నడపదలచినవారికి యాంటీ-లాక్ బ్రేకింగ్ వ్యవస్థ (ఏబీఎస్) అడ్డంకి అనీ, దానిని ఆపివేయడమే మేలనీ ఒక వాదం చాలాకాలంగా వినిపిస్తోంది. దీనికి రుజువులుగా చూపే విషయాలు చాలావరకు నిజమైనవే. అయితే అవన్నీ ఒకే కాలానికి గాని, ఒకే రకమైన యంత్రానికి గాని చెందినవి కావు. 1950ల నాటి విమాన పరికరం మొదలుకొని నేటి మోటారుసైకిళ్ల వరకు ఏబీఎస్ పరిణామాన్ని అనుసరిస్తూ, ‘ఆపివేయడం’ అనే చర్యకు ఏ కాలంలో ఏ అర్థం ఉండేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఏబీఎస్, బ్రేకు, ఘర్షణ, వేగచోదన, మ్యాక్సరెట్, రేసింగ్ నిబంధనలు, రాయల్ ఎన్‌ఫీల్డ్.

1. ఉపోద్ఘాతం

మోటారుసైకిలు గాని, కారు గాని కొత్తగా కొని, దానిని రేసు ట్రాక్ మీదికో కొండదారుల్లోకో తీసుకువెళ్లాలనుకునే యువకులకు అనుభవజ్ఞులైన మిత్రులు ఇచ్చే సలహాలలో ‘ఏబీఎస్ ఫ్యూజు పీకెయ్’ అన్నది ఒకటి. ఈ సలహా వెనుక సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. ఫార్ములా వన్ కార్లలోను, మోటోజీపీ బైకులలోను ఏబీఎస్ లేదన్నది మొదటిది. నేర్పరి పాదం యంత్రం కన్నా తక్కువ దూరంలో బండిని ఆపగలదన్నది రెండవది. ఒకప్పుడు తయారీదారులే దానిని ఆపివేసే మీటను డ్యాష్‌బోర్డు మీద అమర్చి ఇచ్చారన్నది మూడవది.

ఈ మూడింటిలో ఏదీ పూర్తిగా కట్టుకథ కాదు. అందువల్లనే ఈ సలహాను తేలికగా కొట్టివేయలేము. ఒక్కొక్క కారణాన్ని అది పుట్టిన కాలంలో నిలిపి చూస్తే తప్ప, దాని బలం ఎంతో, అది నేటి వాహనానికి ఎంతవరకు వర్తిస్తుందో తెలియదు. తప్పు జరిగితే ఫలితాన్ని అనుభవించేది సలహా ఇచ్చినవారు కారు, హ్యాండిలు పట్టుకున్నవారు.

2. బిగుసుకున్న చక్రం

చరిత్రలోకి వెళ్లేముందు యంత్రధర్మాన్ని కొంత గమనించాలి. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది. బండిని ఆపేది టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టు. బ్రేకు తొక్కినప్పుడు చక్రం బండి వేగం కన్నా కొంచెం నెమ్మదిగా తిరుగుతుంది. ఈ తేడా పొడి తారురోడ్డు మీద సుమారు 10 నుంచి 20 శాతం మధ్య ఉన్నప్పుడు టైరు అత్యధికమైన పట్టునిస్తుంది. తేడా అంతకు మించి పెరిగితే చక్రం పూర్తిగా బిగుసుకుపోయి, టైరు నేల మీద ఈడ్చుకుపోతుంది. అప్పుడు పట్టు తగ్గడమే కాదు, స్టీరింగు కూడా పనిచేయదు. బిగుసుకున్న చక్రం ఏ వైపు తిరిగి ఉన్నా, బండి తాను పోతున్న దిశలోనే పోతుంది.

తెలుగులో చక్రం గురించి ‘దొర్లడం’, ‘జారడం’ అనే మాటలున్నాయి. దొర్లుతూనే కొద్దిగా జారే ఆ మధ్యస్థితికి మనకు విడిగా పేరు లేదు. మంచి చోదకుడు వెతికేది మాత్రం ఆ పేరులేని స్థితినే. దాని అంచున పాదాన్ని నిలిపి ఉంచడమే రేసు చోదకుల ప్రధాన విద్యలలో ఒకటి. ఏబీఎస్ చేసేదీ అదే: చక్రం బిగుసుకోబోతున్నట్లు గుర్తించి, దాని బ్రేకు ఒత్తిడిని క్షణకాలం సడలించి, మళ్లీ పెంచుతుంది.

ఇక్కడ తరచుగా మరచిపోయే విషయం ఒకటుంది. చోదకుడు ఎంత నేర్పరి అయినా కారులో అతనికి ఉన్నది ఒకే బ్రేకు పెడలు. కుడి చక్రాలు తడి మీద, ఎడమ చక్రాలు పొడి మీద ఉన్నప్పుడు నాలుగింటికీ నాలుగు రకాల ఒత్తిడిని ఇవ్వడం పాదానికి సాధ్యం కాదు. నాలుగు మార్గాలున్న ఏబీఎస్‌కు సాధ్యం. పాదానికీ యంత్రానికీ పోటీ పెట్టేవారు ఈ అసమానతను లెక్కలోకి తీసుకోరు.

3. విమానం నుంచి మోటారుసైకిలుకు

యాంటీ-లాక్ ఆలోచన రోడ్డు మీద కాక రన్‌వే మీద స్థిరపడింది. ఫ్రాన్సులో గాబ్రియేల్ వోయిసిన్ 1920లలోనే విమానాల బ్రేకుల కోసం ఇటువంటి ప్రయత్నం చేశాడు. విస్తృతంగా వాడుకలోకి వచ్చినది మాత్రం 1950ల తొలినాళ్లలో బ్రిటన్‌లో డన్‌లప్ సంస్థ రూపొందించిన మ్యాక్సరెట్. విమాన చక్రానికి ఆనుకుని తిరిగే చిన్న డ్రమ్ము, దాని లోపల ఒక ఫ్లైవీలు ఉంటాయి. చక్రం హఠాత్తుగా నెమ్మదిస్తే డ్రమ్ము దానితోపాటే నెమ్మదిస్తుంది గాని, ఫ్లైవీలు తన జడత్వంతో ముందుకు తిరుగుతుంది. ఆ తేడా ఒక వాల్వును తెరిచి బ్రేకు ఒత్తిడిని వదిలేస్తుంది. ఇందులో విద్యుత్తు ప్రమేయం లేదు.

విమానంలో దీని అవసరం ఎందుకు వచ్చిందన్నది మన చర్చకు ముఖ్యం. విమాన చోదకుడు చక్రాలకు చాలా దూరంగా కూర్చుంటాడు. చక్రం బిగుసుకున్న సంగతి కారు చోదకునికి తెలిసినట్లు అతనికి తెలియదు. టైరు పేలిన తరువాతనే తెలియవచ్చు. అంటే ఈ పరికరం చేతగానివారి కోసం పుట్టలేదు. ఎంతో శిక్షణ పొందినా చక్రం స్పర్శ అందని నిపుణుల కోసం పుట్టింది.

1958లో బ్రిటన్‌లోని రోడ్ రీసెర్చ్ లేబొరేటరీ ఈ మ్యాక్సరెట్‌ను రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ మోటారుసైకిలుకు అమర్చి పరీక్షించింది. చక్రాలు బిగుసుకున్న స్థితితో పోలిస్తే, జారుడు నేలల మీద బండి ఆగే దూరం 30 శాతం వరకు తగ్గింది. మోటారుసైకిలు ప్రమాదాలలో జారుడు పాత్ర ఎక్కువ కాబట్టి ఈ పరికరం వాటికి ఎంతో ఉపయోగకరమని పరిశోధకులు భావించారు. ఎన్‌ఫీల్డ్ సాంకేతిక సంచాలకుడు టోనీ విల్సన్-జోన్స్‌కు దీనికి భవిష్యత్తు ఉందనిపించలేదు. అది ఉత్పత్తిలోకి రాలేదు. ఆనాటికే అదే సంస్థ బైకులు మద్రాసు శివారు తిరువొత్తియూరులో తయారవుతున్నాయి. ఆ పేరు మళ్లీ ఈ చర్చలోకి రావడానికి 60 ఏళ్లకు పైగా పట్టింది.

కార్లలో మ్యాక్సరెట్‌ను వాడిన తొలి ఉత్పత్తి వాహనం 1966 నాటి జెన్సెన్ ఎఫ్‌ఎఫ్. ఫెర్గూసన్ పరిశోధన సంస్థ రూపొందించిన నాలుగు చక్రాల చోదనం కూడా అందులో ఉంది. తయారైనవి 320 కార్లు మాత్రమే.

4. నమ్మకం సడలిన దశాబ్దం

ఏబీఎస్ మీద అవిశ్వాసం వట్టి అహంకారం నుంచి పుట్టిందనుకుంటే పొరపాటు. దానికి చారిత్రక కారణం ఉంది. అమెరికాలో గాలి బ్రేకులున్న భారీ వాహనాల విషయమై 121వ ప్రమాణం 1975లో అమలులోకి వచ్చింది. చక్రాలు బిగుసుకోకూడదన్న దాని నిబంధన వల్ల లారీలలో యాంటీ-లాక్ పరికరాలు తప్పనిసరి అయ్యాయి. అయితే ఆనాటి ఎలక్ట్రానిక్స్ లారీ జీవితానికి తట్టుకోలేకపోయింది. పరికరాలు రోడ్డు మీద వమ్మయ్యాయి. 1978లో పక్కార్ సంస్థ వ్యాజ్యంలో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం, ఆ నిబంధన అమలైన నాటికి ఆచరణసాధ్యం కాదని కొట్టివేసింది. లారీ ట్రాక్టర్లకు ఏబీఎస్ తిరిగి తప్పనిసరి అయినది 1997లో.

ఈ ఉదంతాన్ని చదివినప్పుడు, ‘దానిని తీసేస్తేనే బండి భద్రం’ అన్న మాట ఒక తరం చోదకుల నోట ఎందుకు స్థిరపడిందో అర్థమవుతుంది. వారు చూసిన యంత్రం విషయంలో ఆ మాట తప్పు కాదు. యంత్రం మారిపోయినా మాట మాత్రం నిలిచిపోయింది.

అదే 1978లో జర్మనీలో ఈ చరిత్ర మలుపు తిరిగింది. మెర్సిడెస్-బెంజ్ 1970 డిసెంబరులోనే ఉంటర్‌టుర్క్‌హైమ్‌లో ఒక తొలి నమూనాను ప్రదర్శించింది. హైన్‌జ్ లైబర్ పనిచేసిన టెల్డిక్స్ సంస్థ దాని రూపకల్పనలో భాగస్వామి. కాని అనలాగ్ విడిభాగాలతో చేసిన ఆ నమూనా ఉత్పత్తికి పనికిరాలేదు. డిజిటల్ సమగ్ర వలయాలు అందుబాటులోకి వచ్చాక బాష్ సంస్థతో కలిసి చేసిన రెండవ రూపం 1978 చివరిలో ఎస్-క్లాస్ కారులో అదనపు సౌకర్యంగా అమ్మకానికి వచ్చింది. అక్కడినుంచి వెనుకకు చూసే అవసరం రాలేదు.

5. ఆడి క్వాట్రోలోని మీట

ఆపివేత పక్షంవారు ఎక్కువగా చూపే సాక్ష్యం ఆడి క్వాట్రో. 1980ల మధ్యకాలపు క్వాట్రోలలో ఏబీఎస్‌ను ఆపివేసే మీట డ్యాష్‌బోర్డు మీదనే ఉండేది. రాలీలను గెలిచిన కారు కనుక, నేర్పరుల కోసమే ఆ మీట పెట్టారని అనుకోవడం సహజం. అసలు కారణం అంత రమ్యమైనది కాదు.

క్వాట్రోలో డిఫరెన్షియళ్లను చోదకుడు లాక్ చేయవచ్చు. లాక్ చేసినప్పుడు చక్రాలు యాంత్రికంగా ఒకదానికొకటి ముడిపడి, ఒకే వేగంతో తిరుగుతాయి. ఏబీఎస్ అయితే ఒక్కొక్క చక్రం వేగాన్ని విడివిడిగా చదివి, తేడాను బట్టి నిర్ణయం తీసుకునే యంత్రం. చక్రాలన్నీ ఒకే సంఖ్య చెబుతుంటే దానికి చదవడానికి ఏమీ మిగలదు. కాబట్టి వెనుక డిఫరెన్షియల్‌ను లాక్ చేయగానే ఏబీఎస్ తనంతట తానే ఆగిపోయేలా అమర్చారు. మెర్సిడెస్ జి-క్లాస్‌లో కూడా డిఫరెన్షియల్ లాకులు వేస్తే ఇదే జరుగుతుంది. ఆనాటి సాంకేతికత పరిమితిని ఇంజనీర్లు బహిరంగంగా ఒప్పుకున్న తీరు ఇది.

రెండవ కారణం నేలకు సంబంధించినది, నేటికీ చెల్లేది. వదులు కంకర మీద, లోతైన మంచు మీద బిగుసుకున్న చక్రం తన ముందు కంకరనో మంచునో గుట్టగా పోగుచేసుకుంటుంది. ఆ గుట్టే బండికి అడ్డుకట్టగా నిలుస్తుంది. ఏబీఎస్ చక్రాన్ని తిప్పుతూ ఉండటం వల్ల గుట్ట ఏర్పడదు. అమెరికా జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ 1999లో ప్రచురించిన పరీక్షలలో, వదులు కంకర మీద ఏబీఎస్ వల్ల ఆగే దూరం సగటున 27.2 శాతం పెరిగింది. ఇతర నేలల మీద చాలా సందర్భాలలో ఆ దూరం తగ్గిందని కూడా అదే నివేదిక చెప్పింది. మొదటి వాక్యం మాత్రమే ప్రచారంలో ఉండి, రెండవది మరుగున పడిపోవడం విచారకరం. కంకర మీద కూడా, దూరం తగ్గించుకున్న ఆ బిగుసుకున్న చక్రానికి దిశ మార్చుకునే శక్తి లేదన్న సంగతిని ఆ 27.2 శాతం చెప్పదు. రాలీ చోదకుడు చక్రాన్ని కావాలని బిగిస్తాడు. కారు ఏ వైపు తిరుగుతుందో ముందే నిర్ణయించుకుని ఆ పని చేస్తాడు.

1980ల చివరిలో టోర్సెన్ డిఫరెన్షియల్ రావడంతో క్వాట్రోలో ఆ మీట అవసరం క్రమంగా తగ్గి, 1990లలో కనుమరుగైంది. కంకర సమస్యకు కూడా మీట కన్నా సూక్ష్మమైన పరిష్కారాలు వచ్చాయి. ల్యాండ్ రోవర్ 2004లో డిస్కవరీ 3తో తెచ్చిన టెర్రెయిన్ రెస్పాన్స్ ఏబీఎస్‌ను ఆపివేయలేదు. నేలను బట్టి దాని ప్రవర్తనను మార్చింది.

6. పోటీ నిబంధనలను ఎలా చదవాలి?

‘ఫార్ములా వన్‌లో లేదు’ అన్న వాదాన్ని 1993 ముందు నిలిపితే అది తలకిందులవుతుంది. ఆ ఏడాది అలెన్ ప్రోస్ట్‌కు ప్రపంచ విజేత పట్టం తెచ్చిన విలియమ్స్ ఎఫ్‌డబ్ల్యు15సి కారులో ఏబీఎస్ ఉంది. ట్రాక్షన్ కంట్రోల్, యాక్టివ్ సస్పెన్షన్‌లతో పాటు దానిని కూడా 1994 నుంచి నిషేధించారు. అది కారును నెమ్మదింపజేసినందుకు కాదు. చోదకుని నైపుణ్యానికి దక్కవలసిన పనిని యంత్రం చేస్తున్నదనీ, ఖర్చు పెరుగుతున్నదనీ నిషేధించారు. పనికిరాని పరికరాన్ని ఎవరూ నిషేధించనక్కరలేదు. పోటీదారులే దానిని పారవేస్తారు. మోటోజీపీ నిబంధనలు ఏబీఎస్‌ను అనుమతించకపోవడాన్ని కూడా ఇలాగే చదవాలి. నిషేధం ఆట నియమానికి సాక్ష్యం, యంత్రం నాణ్యతకు కాదు.

దీనికి ఎదురు సాక్ష్యం జీటీ3 తరగతి. 2006లో ఈ పోటీలు మొదలైనప్పుడు వృత్తి చోదకులతో పాటు ఔత్సాహికులు కూడా పాల్గొనగలగాలన్న ఉద్దేశంతో ఏబీఎస్‌ను అనుమతించారు. నేటికి ఆ కార్లను నడిపేవారిలో అగ్రశ్రేణి వృత్తి చోదకులు ఎందరో ఉన్నారు. స్టీరింగు మీదనో పక్కనో ఉన్న గుండీని తిప్పి, టైరు స్థితిని బట్టి, వానను బట్టి ఏబీఎస్ ఎంత చొరవ తీసుకోవాలో వారే నిర్ణయించుకుంటారు. లె మాన్ 24 గంటల పందెంలో అంతకుముందున్న జీటీఈ కార్లకు ఏబీఎస్ లేదు. 2024లో వాటి స్థానంలోకి వచ్చిన ఎల్‌ఎమ్‌జీటీ3 కార్లకు ఉంది. అనుమతి ఉన్నచోట దానిని వదులుకుని గెలవాలనుకునే జట్టు అరుదు.

రోడ్డు కార్లలో కూడా ఒక దశలో ఏబీఎస్ లేకపోవడమే గౌరవచిహ్నంగా నిలిచింది. 1987 నాటి ఫెరారీ ఎఫ్40లో అది లేదు. 1990ల మెక్‌లారెన్ ఎఫ్1లో లేదు. పెడలు నుంచి పాదానికి అందే స్పర్శను ఏ యంత్రమూ మధ్యలో చెడగొట్టకూడదన్నది వాటి రూపకర్తల పట్టుదల. ఆనాటి ఏబీఎస్ బరువునూ మొరటుతనాన్నీ తలచుకుంటే ఆ పట్టుదలలో అర్థముంది. డాడ్జ్ వైపర్ కూడా అదే ధోరణిలో మొదలై, 2001లో ఏబీఎస్‌ను స్వీకరించింది.

ఏబీఎస్ చోదకుని చెడగొడుతుందన్న మరో వాదానికి శాస్త్రీయమైన ఆధారం కొంత ఉంది. 1980లలో మ్యూనిచ్‌లో ఒకే సంస్థకు చెందిన టాక్సీలలో కొన్నింటికి ఏబీఎస్ ఉంచి, కొన్నింటికి లేకుండా చేసి ఆష్‌న్‌బ్రెన్నర్, బీల్ పరిశీలించారు. రెండు వర్గాల ప్రమాదాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఏబీఎస్ ఉన్న టాక్సీల చోదకులు మలుపులను మరింత వేగంగా తిప్పారు. అధ్యయనం తెలిపేది మనుషుల స్వభావాన్ని. దానినుంచి ‘కాబట్టి ఫ్యూజు తీసెయ్యాలి’ అన్న నిర్ణయానికి రావడం, నిచ్చెన ఉంటే ఎక్కువ ఎత్తు ఎక్కుతున్నారు గనుక ఎక్కినవారి కింద నుంచి దానిని లాగేయమన్నట్లు ఉంటుంది.

7. ఫ్యూజు తీస్తే పోయేది ఏమిటి?

పై చర్చ అంతా పక్కన పెట్టినా, నేటి కారు విషయంలో ఒక సంగతి మిగులుతుంది. 1980లలో ఏబీఎస్ ఒక అదనపు పొర. దాని కింద అంతకుముందు నుంచీ ఉన్న బ్రేకు వ్యవస్థ చెక్కుచెదరకుండా ఉండేది. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు ఒరిగి వెనుక చక్రాలు తేలికపడతాయి. అవి ముందుగా బిగుసుకుంటే బండి గిర్రున తిరిగిపోతుంది. దీనిని నివారించేందుకు వెనుక బ్రేకులకు పోయే ఒత్తిడిని పరిమితం చేసే యాంత్రిక వాల్వు ఒకటి పాత కార్లలో ఉండేది. ఏబీఎస్‌ను ఆపినా ఆ వాల్వు తన పని తాను చేసేది. క్వాట్రో చోదకుడు మీట నొక్కితే, సక్రమంగా పనిచేసే పాతకాలపు కారు అతని చేతికి వచ్చేది.

1990లలో ఆ వాల్వును తొలగించి, దాని పనిని కూడా ఏబీఎస్ కంప్యూటరుకే అప్పగించడం మొదలైంది. దీనినే ఈబీడీ అంటారు. ముందు వెనుకల మధ్య బ్రేకు పంపకం ఇప్పుడు సాఫ్ట్‌వేరు పని. 1995లో మెర్సిడెస్‌లో బాష్ ప్రవేశపెట్టిన ఈఎస్‌పీ వంటి స్థిరత్వ నియంత్రణ కూడా ఆ పరికరం మీదనే ఆధారపడింది. ఇటువంటి కారులో ఫ్యూజు తీస్తే ఏబీఎస్ పసుపుపచ్చ దీపంతో పాటు బ్రేకు ఎర్రదీపం కూడా వెలగడం దీనికి సూచనే. అప్పుడు చోదకునికి దక్కేది 1980ల నాటి శుద్ధమైన కారు కాదు. వెనుక వాల్వూ లేక, దాని బదులు వచ్చిన సాఫ్ట్‌వేరూ లేక మిగిలిన, ఏ ఇంజనీరూ రూపొందించని కారు.

ట్రాక్ మీద తరచు వినిపించే ఒక ఫిర్యాదును మాత్రం గౌరవించాలి. గతుకు మీద చక్రం గాలిలోకి లేచిన క్షణంలో గట్టిగా బ్రేకు పడితే ఆ చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. దానిని చూసి ఏబీఎస్ నేల మంచులా ఉందని పొరబడి, ఒత్తిడిని బాగా తగ్గిస్తుంది. పెడలు రాయిలా గట్టిపడుతుంది, కారు మాత్రం ఆగదు. మలుపు ఎదురుగా ఉన్నప్పుడు ఇది భయంకరమైన అనుభవం. దీనికి మందు ఫ్యూజులో లేదు. మెరుగైన టైర్లు, సరైన డ్యాంపర్లు, పెడలును ఒక్కసారిగా తన్నకుండా ఒత్తిడిని క్రమంగా పెంచే పాదం దీనిని చాలావరకు నివారిస్తాయి. పోటీలకే పరిమితమైన కారు అయితే, పోటీల కోసం చేసిన ఏబీఎస్‌నే అమర్చుకోవచ్చు. లేదా మొత్తం బ్రేకులను, వెనుక ఒత్తిడిని సరిచేసే వాల్వుతో సహా, ఏబీఎస్ లేకుండా మళ్లీ రూపొందించుకోవచ్చు. ఈ రెండవది అసలైన ‘ఆపివేత’. అది అర నిమిషంలో అయ్యే పని కాదు.

8. మన రోడ్ల మీద

భారతదేశంలో 125 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్‌ను కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ 1 నుంచి, అన్నింటికీ 2019 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేశారు. ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్ ఉన్న బైకులు కూడా ఈ నిబంధన కింద చెల్లుతాయి. తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడంపై మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఆంక్షలు కూడా గుర్తుంచుకోదగినవి.

మోటారుసైకిలు విషయంలో కారు లెక్కలు యథాతథంగా వర్తించవు. ముందు, వెనుక బ్రేకులు సాధారణంగా రెండు వేర్వేరు అవయవాల అధీనంలో ఉంటాయి. ముందు చక్రం బిగుసుకుంటే బండి నిలబడి ఉండగలిగే వ్యవధి క్షణంలో చిన్న భాగం మాత్రమే. చాలామందికి అది పడిపోయాకనే తెలుస్తుంది. వెనుక చక్రం బిగుసుకుంటే బండి తోక ఊగుతుంది గాని, నేర్చుకున్నవారు దానిని అదుపు చేయగలరు. కంకర దిగుడులో బండిని తిప్పడానికి దానిని వాడుకుంటారు కూడా. కాబట్టి ‘ఏబీఎస్ కావాలా, వద్దా’ అని కాక, ‘ఏ చక్రానికి’ అని అడగాలి. కేటీఎం తన 390 డ్యూక్‌లో సూపర్‌మోటో పేరుతో ఇచ్చినది వెనుక చక్రపు ఏబీఎస్‌ను మాత్రమే ఆపే విధానం.

2020 జనవరిలో రాయల్ ఎన్‌ఫీల్డ్ తన హిమాలయన్ బైకు బీఎస్-6 రూపాన్ని విడుదల చేసింది. 1958లో తమకు అక్కరలేదనుకున్న యాంటీ-లాక్ పరికరం అప్పటికే చట్టరీత్యా ఆ సంస్థ బైకులకు తప్పనిసరి అయివుంది. ఈసారి కొత్తగా చేర్చినది దానిని ఆపివేసే బటన్. లడఖ్ వంటి చోట్ల కంకర దారులలో తిరిగే చోదకులకు అది ఉపయోగపడుతుంది. ఆ బటన్ వెనుక చక్రానికి మాత్రమే పనిచేస్తుంది. ముందు చక్రపు ఏబీఎస్‌ను ఆపే మీట ఆ బండిలో లేదు.